ధర్మాదా ఖాతాలోని న్యాయము

(న్యాయసేవా దినమగు నవంబరు 9వ తేదీని పురస్కరించుకొని బరంపురమున మన సంఘ మందిరములో జరిగిన సభయందు చేసిన ప్రసంగ పాఠము)



న్యాయమును గూర్చి మాట్లాడుటకు పట్టుచీరల వర్తకునకు గల అర్హత యేమని మీలో కొందరికి తోచవచ్చును. ఆ శంక మాకును కలిగినది. పదవ తరగతితో చదువు చాలించి తండ్రిగారి గల్లాపెట్టె ముందు కూర్చున్న వారము. చట్టముల పుస్తకము తెరచి చదివిన పాపమున పోలేదు. అయినను కోర్టు గుమ్మము నెరుగని వర్తకు డుండడు గదా. బాకీలకని, దుకాణపు అద్దెలకని, పన్నుల తగాదాలకని ఇరువది యేండ్లుగా ప్లీడరుగార్ల ఇంటి అరుగులపై కూర్చుండి కాలక్షేపము చేసియున్నాము. ఓడినవాడు కోర్టులో ఏడ్చును, గెలిచినవాడు ఇంటికి వచ్చి ఏడ్చునను సామెతలోని రెండు ఏడుపులును మాకు పరిచితములే. దీనికి తోడు సంఘపు పని మీద వేసికొన్ననాటి నుండి ఇతరుల వ్యాజ్యములు కూడ మా దుకాణమునకే వచ్చుచున్నవి.

ఉచిత న్యాయసహాయమను పనిని న్యాయవాదులు ఏ దృష్టితో చూచుచున్నారు, మనము ఏ దృష్టితో చూచుచున్నాము అనునది నేటి విషయము. ఇందు న్యాయవాదుల తప్పు కొంత యున్నది. మా తప్పు అంతకంటె తక్కువ కాదు. కావున ముందుగా మా తప్పునే మనవి చేసికొందుము.

మూడేండ్ల క్రిందటి మాట. మనవారిలో నేత కుటుంబమునకు చెందిన ఒక వితంతువు కలదు. పేరు చెప్పుట భావ్యము కాదు. భర్త పోయిన యేడాది తిరుగక ముందే మరుదులు ఇంటిలో ఆమెకు భాగము లేదనిరి, వీధి గదిలో మాత్రము ఉండుమనిరి. ఆ ఇల్లు భర్త తాతగారు కొన్నది. దస్తావేజు 1936కు పూర్వపుది. అనగా మన గంజాము చెన్నరాజధానిలో నుండిన దినములలో, గొలుసుకట్టు తెలుగున వ్రాసిన కాగితము. స్త్రీకి ఆదాయముతో నిమిత్తము లేకుండ ప్రభుత్వము వకీలు నిచ్చునని ఎవరో చెప్పగా ఆమె దరఖాస్తు పెట్టుకొనెను. ఒక న్యాయవాదిని నియమించిరి. దావా పడినది.

చిక్కు ఆ తరువాత వచ్చినది. ఆ న్యాయవాదికి తెలుగు రాదు. ఆమెకు ఒడియా వచ్చును గాని బజారు మాటలే, కాగితపు మాటలు రావు. ఆమె చెప్పిన దాయనకు సగము అర్థమైనది, ఆయన అడిగిన దామెకు అసలే అర్థము కాలేదు. దస్తావేజు అనువాదమునకు ఖర్చగునని ఆయన రెండువేల రూపాయలు తీసికొనెను. అనువాదము రాలేదు. కొన్ని వాయిదాలకు ఆయన హాజరైనారు, కొన్నింటికి గుమాస్తాను పంపినారు, పిదప అదియు మానినారు.

సంక్రాంతికి ముందు ఒక సాయంకాలము ఆమె మా దుకాణమునకు వచ్చెను. పండుగ బేరము క్రిక్కిరిసి యున్నది. ఆమె ఒక ప్రక్కగా నిలుచుండి తన గోడు చెప్పికొనెను. సగము విని మేమేమంటిమో తెలియునా? “ఊరకే వచ్చిన ప్లీడరు కదమ్మా, దానమిచ్చిన ఆవుకు పళ్ళు లెక్కపెట్టవచ్చునా? కొంచెము ఓపిక పట్టు” అంటిమి. చెప్పినది గొప్ప లోకజ్ఞానమని కూడ అనుకొంటిమి. పండుగ చీర ఒకటి చేతికిచ్చి పంపివేసితిమి.

ఎండాకాలమున తిరిగి వచ్చెను. దావా గైరుహాజరీ క్రింద కొట్టివేయబడినది. ఆ సంగతి ఆమెకు న్యాయవాది చెప్పలేదు, మరుదులు వీధిలో చెప్పుకొని నవ్వుకొనగా తెలిసినది. మేము నోట మాట లేక కూర్చుంటిమి. అప్పుడామె అన్న మాట ఇది: “బాబూ, మీరిచ్చిన చీర రెండుతుకులకే చిరిగిపోయింది. పోనీ, ఒక పండగ గడిచింది. ఈ ఇల్లు కూడా అలాగే పోతే నేనెక్కడుంటాను?”

నిష్ఠురముగా అన్న మాట కాదు, లెక్క చెప్పినట్లు చెప్పెను. ఏటేట సంక్రాంతికి మేము చీరలు పంచుట మీ రెరుగుదురు. మన పత్రికలో ఛాయాచిత్రములు కూడ పడినవి. ఆ చీర లెట్టివో మాత్రము పత్రికలో పడలేదు. నేతలో తప్పు వచ్చినవి, మడతల వద్ద రంగు తిరిగినవి, మూడేండ్లు అల్మారా అడుగున నుండి అమ్ముడుపోనివి. ధర్మమునకు కదా, ఇవి చాలుననుకొంటిమి. ఆ వకీలు కూడ తన కాలములో అమ్ముడుపోని భాగమునే ఆమెకిచ్చెను. ఆయనకును మాకును భేద మెక్కడ?

ఈ ప్రశ్న పట్టుకొని మేము కొన్ని మాసములు న్యాయవాది మిత్రులను ఒక్కొక్కరినే కలిసికొని అడిగితిమి. కొందరు కాఫీ ఇచ్చి మాటలాడిరి, కొందరు వాచీ చూచుకొనుచు మాటలాడిరి. వారి సమాధానములు మూడు తెరగుల నున్నవి.

మొదటి వారు ఒక వృద్ధులు. బీదవాని వద్ద ఫీజు పుచ్చుకొనుట వారి తండ్రిగారి కాలమున నామోషీగా నుండెడిదట. “ఉచితముగా చేయవలసినప్పుడు మేము చేసెదము, ప్రభుత్వము వారి కూలి పుచ్చుకొని చేయునది ధర్మ మెట్లగును?” అని వారి వాదము. ఇందు గాంభీర్యమున్నది. బార్ కౌన్సిల్ నియమములలో కూడ, ఫీజు చెల్లింపలేని వానికి సయితము న్యాయవాది సహాయము పొందు హక్కు కలదనియు, తన ఆర్థిక స్థితి అనుమతించినంత మేరకు బీదలకు, పీడితులకు ఉచితముగా సహాయపడుట న్యాయవాదికి సంఘము పట్ల గల మిక్కిలి ఉన్నతమైన బాధ్యతలలో నొకటనియు వ్రాసియున్నది. అట్లు ఆచరించిన వారును కలరు. 1979లో బీహారు జైళ్ళలో విచారణ లేక ఏండ్ల తరబడి మ్రగ్గుచున్న ఖైదీల సంగతి పత్రికలో చదివి, ఎవరును ఫీజు ఈయకున్నను, సుప్రీంకోర్టుకు పోయిన న్యాయవాది పుష్పా కపిలా హింగోరానీ. అదియే హుస్సేనారా ఖాతూన్ కేసు. తెలుగునాట కె.జి. కన్నబిరాన్ గారు 2010లో పరమపదించు వరకు, ఎవ్వరును చేపట్టని కేసులను చేపట్టినారు. కె. బాలగోపాల్ గారు విశ్వవిద్యాలయములో గణితము బోధించు ఉద్యోగము వదలిన పిమ్మట నల్లకోటు తొడిగి, 2009లో కన్నుమూయు వరకు దిక్కులేనివారి పక్షమున వాదించిరి.

ఇట్టివారికి చేయెత్తి మ్రొక్కవలసినదే. అయినను ఆ వృద్ధులను మేమొక ప్రశ్న అడిగితిమి: “తాము ఉచితముగా చేపట్టిన కేసులు ఎవరివి?” వారు కొంచెము ఆలోచించి, తమ గ్రామము వారివి, పాత కక్షిదారుల బంధువులవి, తమ వద్దకు వచ్చి కన్నీరు పెట్టుకొన్న వారివి అనిరి. అరుగు దాక రాగలిగిన వారికే ఆ ధర్మము అందినది. జైలులో నున్నవాడు అరుగు దాక రాలేడు. ఆ వితంతువునకు ఆ వీధి పేరు కూడ తెలియదు. దాత తనకు తోచిన వారికి ఇచ్చును, ఆ స్వాతంత్ర్యము దాతకున్నది. దానిని నమ్ముకొని ఒక దేశపు న్యాయము నడువజాలదు.

రెండవ వాడు యువకుడు, ఇంకొక జిల్లాలో ప్యానెలు న్యాయవాది. అతడు మొగమాటము లేకుండ చెప్పెను. దావా కాగితములకు టైపు ఖర్చు, జిరాక్సు ఖర్చు, గుమాస్తా చేతి ఖర్చు, పెట్రోలు తొలినాటి నుండియే అతని జేబులో నుండి పోవును. బిల్లు కేసు నడచిన పిమ్మట పెట్టవలెను, పెట్టిన పిమ్మట ఎదురుచూడవలెను. ఫీజు ఇచ్చు కక్షిదారుడును, ఉచిత కక్షిదారుడును ఒకే ఉదయమున రెండు కోర్టులలో పిలువబడినచో తాను ఏ కోర్టునకు పోవునో అతడు దాచలేదు. “ఇంటి అద్దె నాకును కట్టవలసియున్నది కదండీ” అనెను. ఆ మాట మాకు నచ్చినది. వర్తకులము గదా, అప్పు బేరమునకును రొక్కపు బేరమునకును చేయి ఏ వైపు పోవునో ఎరిగినవారమే.

డబ్బు మాట ఎత్తిన ప్లీడరును దురాశాపరుడనుట మన అలవాటు. ఇంగ్లండు సంగతి వినుడు. అక్కడ 1949లోనే ఉచిత న్యాయసహాయమునకు చట్టము చేసి ప్రభుత్వ ధనము కేటాయించిరి. 2012నాటి మరియొక చట్టముచే, కుటుంబ తగాదాలలోను, అప్పుల విషయములలోను, ఇంటి విషయములలోను చాలవరకు ఆ సహాయమును 2013 నుండి తొలగించిరి. క్రిమినలు కేసులలో సహాయము నిలిచినను ఫీజులు చాలకపోవుటచే 2022లో అక్కడి బారిష్టర్లు కోర్టులు వదలి వీధిలోనికి వచ్చిరి. నల్ల గౌనులతో, తెల్ల విగ్గులతో సమ్మె! నూటికి 25 వంతులు పెంచుమని వారు కోరిరి. 15 వంతుల పెంపును అప్పటికే నడుచుచున్న కేసులలో చాలవానికి వర్తింపజేయుటకు ప్రభుత్వ మొప్పుకొనిన పిమ్మట అక్టోబరులో విరమించిరి. సమ్మె నాళ్ళలో వాయిదా పడిన కేసులలోని ముద్దాయిలును, ఫిర్యాదీలును పడిన యాతన వేరు. దానిని మేము మరువలేదు. అయినను, సంపన్నమైన దేశమున సయితము, ఆత్మగౌరవమునకు పేరుపడిన బారిష్టర్లు సయితము, ధర్మము పేర చవుకగా కొన్న పని నిలువదని సమ్మె చేసి చెప్పవలసివచ్చినది.

మూడవ వారి మాట త్వరగా ముగింతుము. వారు పెద్ద ప్రాక్టీసు గలవారు. “అది బేరములు లేని కుర్రవాండ్ర పని” అని ఒక్క మాటలో తేల్చివేసిరి. ఈ తేలికభావమే అన్నింటికంటె హాని చేయునది. పెద్దలు చులకన చేసిన పనిని పిన్నలు శ్రద్ధగా చేయుదురా? 2017లో సుప్రీంకోర్టు సీనియరు న్యాయవాది హోదా ఇచ్చు పద్ధతిని నిర్ణయించునప్పుడు ఉచితముగా చేసిన సేవను కూడ పరిగణింపవలసిన విషయములలో చేర్చినది. ఆ సంగతి వారికి చెప్పితిమి. వారు నవ్విరి. మేమును నవ్వి లేచి వచ్చితిమి.

ఇక చట్టమేమి చెప్పుచున్నదో మాకు తెలిసినంత మనవి చేయుదుము. తప్పున్నచో ఇక్కడి పెద్దలు దిద్దవచ్చును. పూర్వము బీదవాడు కోర్టు రుసుము లేకుండ వేయు దావాను పాపరు దావా అనెడివారు. మన ముసలివాండ్ర నోట ఆ మాట ఇంకను వినవచ్చును. 1976లో ఆ హీనమైన మాటను శాసనము నుండి తీసివేసిరి. ఆ యేడే 42వ సవరణచే రాజ్యాంగములో 39-ఎ అధికరణము చేరినది. పేదరికము వలన గాని మరే అశక్తత వలన గాని ఎవరికిని న్యాయము అందకపోరాదని, అందులకు రాజ్యము ఉచిత న్యాయసహాయము ఏర్పాటు చేయవలెనని అందలి తాత్పర్యము. 1978లో హోస్కాట్ కేసులోను, 1979లో హుస్సేనారా కేసులోను సుప్రీంకోర్టు దీనిని జీవించు హక్కుతో ముడివేసినది. 1980లో ఖత్రీ కేసులో, డబ్బు లేదను సాకు ప్రభుత్వము చెప్పరాదన్నది. 1986లో సుఖదాస్ కేసు వచ్చినది. అందు అరుణాచలమున ఒక ముద్దాయి వకీలు లేకుండ విచారింపబడి శిక్షపడిన వాడు. అతడు వకీలును అడుగలేదు కదా అని ప్రభుత్వపు వాదము. అడుగవలెనని ఎరుగనివాడు ఎట్లడుగును, ఆ హక్కు కలదని చెప్పవలసిన బాధ్యత కోర్టుదేనని తేల్చి ఆ శిక్షను రద్దుచేసిరి.

న్యాయ సేవాధికార సంస్థల చట్టము 1987లో పుట్టినను అమలునకు వచ్చినది 1995 నవంబరు 9న. నేటి దినమునకు ఆ పేరు వచ్చుట అందువలననే. స్త్రీలు, పిల్లలు, షెడ్యూల్డు కులములవారు, తెగలవారు, అంగవైకల్యము గలవారు, పరిశ్రమలలోని కార్మికులు, నిర్బంధములో నున్నవారు, వరదలు భూకంపములు మొదలగు వానివలన నష్టపడినవారు, ప్రభుత్వము నిర్ణయించిన పరిమితికి లోబడిన ఆదాయము గలవారు దీనికి అర్హులు. జాతీయ, రాష్ట్ర, జిల్లా స్థాయిలలో మూడు న్యాయసహాయ నిధులు ఆ చట్టము క్రిందనే ఏర్పడినవి. 2010నాటి నియమముల పేరులోనే ‘ఉచిత’ అను మాట ప్రక్కన ‘సమర్థ’ అను మాట యున్నది. ఆ నియమముల ప్రకారము ప్యానెలు న్యాయవాది కక్షిదారుని వద్ద ఏ రూపమునను ప్రతిఫలము అడుగరాదు, ఇచ్చినను పుచ్చుకొనరాదు. కేసు ఎట్లు నడుచుచున్నదో కనిపెట్టుటకు పర్యవేక్షక సంఘము ఉండవలెను. ఆ వితంతువు నుండి తీసికొన్న రెండువేలు తీసికొనదగినవి కావని మాకు అప్పుడు తెలియదు. తెలిసియున్నచో ఆవు పళ్ళ సామెత చెప్పియుండము.

ఇక్కడ మా వర్తక భాషలో ఒక మాట చెప్పనిండు. మన దుకాణములలో బిల్లు అడుగున ధర్మాదా అని కొంత వేసి వసూలు చేయు ఆచారము తాతల నాటిది. గుడికో, సత్రమునకో, బడికో పోవు సొమ్ము. ఇది వర్తకుని ఆదాయమా, పన్ను కట్టవలెనా అను తగాదా ఒక నూలు మిల్లు విషయమున సుప్రీంకోర్టు దాక పోయినది. తీర్పు వచ్చినది. ధర్మాదా క్రింద వసూలైనది మొదటి నుండియు ధర్మమునకు చెందినదే, వర్తకుని చేతిలో పడినంత మాత్రమున అతని ఆదాయము కాదు అని. మా తండ్రిగారికి ఆ తీర్పు పేరు తెలియదు గాని, ఆ సూత్రము తెలియును. ధర్మాదా డబ్బాలోని చిల్లరను గల్లాపెట్టెలో కలిపిన గుమాస్తాను ఒకసారి పనిలో నుండి తీసివేసినారు.

న్యాయసహాయ నిధి అట్టి ఖాతాయే. అందలి ప్రతి రూపాయయు ఆ వితంతువు వంటివారిది. ప్రభుత్వము దానిని తక్కువ వేసినను, ఆలస్యముగా ఇచ్చినను తన దయను తగ్గించుకొనుట కాదు, పరుల సొమ్మును బిగబట్టుట. న్యాయవాది ఆ సొమ్మునకు ఒప్పుకొని వకాల్తా వేసిన తరువాత వాయిదాకు పోకున్నచో ధర్మము తగ్గించుట కాదు, బాకీ ఎగవేయుట. దానపు ఆవుకు పళ్ళు లెక్కపెట్టరాదు, నిజమే. ఇది దానపు ఆవు కాదు. ఆమె ఆవే. ఎన్ని పళ్ళున్నవో చూచుకొను హక్కు ఆమెకు కలదు, ఫీజు చాలలేదను న్యాయవాదికి ఆ సంగతి ఎలుగెత్తి చెప్పు హక్కును కలదు. ఆయన ప్రభుత్వముతో తగాదా పడవలెను గాని, ఆ కోపమును ఆమె వాయిదా మీద చూపరాదు.

2022 నుండి క్రిమినలు కేసులకు చాల జిల్లాలలో కొత్త పద్ధతి వచ్చినది. నెల జీతముపై పూర్తికాలము బీద ముద్దాయిల పక్షమున పనిచేయు డిఫెన్సు న్యాయవాదులను నియమించుచున్నారు. సర్కారు పక్షమున జీతపు ప్లీడరుండగా ముద్దాయి పక్షమున ఉండుట న్యాయమే. మేము మాటలాడిన ప్యానెలు వకీళ్ళలో కొందరికి ఇది రుచింపలేదు. తమకు వచ్చు ఆ కొద్ది పనియు పోవునని వారి బాధ. మాకు మాత్రము ఇది సరియైన దారిగా తోచుచున్నది, జీతము సకాలమున అందినంత కాలము. 2017లో కేంద్ర న్యాయశాఖవారు న్యాయబంధు అను పథకము పెట్టి, ప్రతిఫలము లేకుండ పనిచేయ నిచ్చగించు న్యాయవాదుల పేర్లు నమోదు చేయుచున్నారు. ఆ వృద్ధుల వంటివారు అందు చేరినచో వారి ధర్మము అరుగు దాటి దూరము పోవును.

ఇక మనలను గూర్చి. న్యాయవాదులు మన మీద చెప్పు ఫిర్యాదులు కూడ రెండున్నవి. కాదనుటకు వీలు లేకున్నది. పెండ్లి పందిటిలో ప్లీడరు బంధువు కనబడినంతనే, పప్పన్నము విస్తరిలో ఉండగనే, ఆస్తి పంపకమును గూర్చి ఉచిత సలహా అడుగుదుము. అదే పందిటిలో డాక్టరు కనబడిన నాడి చూపుదుము, అది వేరు సంగతి. రెండవది ఇంతకంటె సిగ్గుచేటు. స్త్రీలకు ఆదాయ పరిమితి లేదని తెలిసికొని, మేడలు గలవారు కూడ తమ ఇంటి ఆడవారి పేర దరఖాస్తు పెట్టించి ఉచిత వకీలును కోరుచున్నారట. చట్టము అడ్డదు. ధర్మాదా డబ్బాలో చేయి పెట్టుటకు కూడ తాళము అడ్డులేని దుకాణములు కలవు. మన సంఘమువారు ఎవరైనను ఇట్లు చేసియున్నచో ఇకమీదట మానవలెనని చేతులు జోడించి వేడుచున్నాము.

ఆ దావా సంగతి చెప్పవలెను. కొట్టివేయబడిన దావాను తిరిగి తీసికొనుమని ముప్పది దినములలో దరఖాస్తు పెట్టవలెనట. ఆ గడువు ఎప్పుడో గడచినది. ఈ సభలోనే యున్న ఒక న్యాయవాది, తన పేరు చెప్పరాదని ఆంక్ష పెట్టి, ఆలస్యమును మన్నింపుమను దరఖాస్తును, దావాను పునరుద్ధరింపుమను దరఖాస్తును ఫీజు లేకుండ వేసిరి. దస్తావేజును మన సభ్యులొకరి తండ్రిగారు, ఉద్యోగ విరమణ చేసిన ఉపాధ్యాయులు, భూతద్దము పెట్టుకొని రెండు రాత్రులు కూర్చుండి చదివిరి. చెక్కుబందీలోని నాలుగు ఎల్లలలో మూడింటి యజమానుల పేర్లు నేటి కుటుంబములతో సరిపోయినవి. దావా తిరిగి ఫైలు మీదికి వచ్చినది. ఇంకను తేలలేదు. ఎట్లు తేలునో మేము చెప్పజాలము.

భాష విషయము మనవంటివారికే ప్రత్యేకమైనది. 1936 ఏప్రిల్ 1న గంజాము ఒరిస్సాలో చేరినప్పుడు మనుష్యులము ఇక్కడనే యున్నాము, కాగితములు ఇక్కడనే యున్నవి, కోర్టులు మాత్రము మారినవి. అప్పీళ్ళు అంతకు ముందు చెన్నపట్నమునకు పోయెడివి, పిదప పాట్నాకు, 1948 నుండి కటకమునకు పోవుచున్నవి. క్రింది కోర్టుల భాష రాష్ట్ర ప్రభుత్వము నిర్ణయించునది, మనము నేర్చికొనవలసినదే. మన పిల్లలు చక్కగా నేర్చికొన్నారు కూడ. ఒడియా న్యాయవాదులపై మాకు ఏ ఫిర్యాదును లేదు. మా సొంత దావాలన్నియు వారే నడుపుచున్నారు. కాని తెలుగు తప్ప రాని ముసలిదానికి ఆమె మాట తెలియని వకీలు నిచ్చినచో సగము సహాయమే ఇచ్చినట్లు. క్రిమినలు విచారణలో సాక్ష్యము ముద్దాయికి తెలియని భాషలో నున్నచో తెలిసిన భాషలో వినిపింపవలెనని శాసనము. పాత శాసనములోను, 2024 జూలై నుండి అమలులో నున్న కొత్త శాసనములోను ఈ మాట యున్నది. ఉచిత న్యాయసహాయమనగా వకీలు ఫీజు ఒక్కటే కాదు, కోర్టు రుసుములు, నకళ్ళు, కాగితముల అనువాదము కూడ అందులోనివే. అడిగినవారికి అందును. అడుగుటకు తెలియవలెను.

అందుచేత కార్యవర్గము క్రిందటి సమావేశమున నిశ్చయించినది విన్నవించి సెలవు తీసికొందుము. గొలుసుకట్టు చదువగల పెద్దలు నలుగురు ముందుకు వచ్చినారు. ప్రతి గురువారము సాయంకాలము ఈ మందిరములో కూర్చుందురు. పాత దస్తావేజులు ఉన్నవారు అసలు కాగితము తేవలదు, నకలు తెండు. అసలు ఇంటిలో భద్రముగా నుంచుకొనుడు. వకీలు కొరకు దరఖాస్తు పెట్టుకొనువారు, తమకు తెలుగు తెలిసిన న్యాయవాది కావలెనని అందులోనే స్పష్టముగా వ్రాయుడు. వ్రాయుట రానివారికి మేము వ్రాసిపెట్టుదుము. 15100 అను టెలిఫోను సంఖ్యకు ఖర్చు లేకుండ మాటలాడి కూడ సలహా పొందవచ్చును. నియమించిన వకీలు డబ్బు అడిగినను, వాయిదాకు పోకున్నను, ఆ తేదీ వ్రాసికొని వచ్చి చెప్పుడు. ఓపిక పట్టుమని మేము మరల చెప్పము.

తెలుగు, ఒడియా రెండును వచ్చిన న్యాయవాదులు ఈ సభలో ఆరుగు రున్నారని లెక్కించితిమి. తలుపు వద్ద బల్లపై పుస్తక మున్నది. నెలకు ఒక కేసు అయినను చేయదలచిన వారు పేరు వ్రాసి పొండు. ప్యానెలులో నున్నవారికి బిల్లులు నిలిచిపోయినచో ఆ లెక్క కూడ మాకీయుడు. మహజరు వ్రాసి పై అధికారులకు పంపు పని సంఘము చేయును. చందాలు వసూలు చేసి చేసి మాకు వెంటపడుట బాగుగా అలవాటైనది.

ఆ దావాకు వచ్చు నెల వాయిదా యున్నది. ఆ దినమున మేము దుకాణము తమ్మునికి అప్పగించి ఆమెతో కోర్టునకు పోవుచున్నాము. ఈ సంక్రాంతికి పంచవలసిన చీరలను కొత్త బేలులో నుండి తీసి వేరుగా కట్టించితిమి. సభాసదు లెవరైనను వచ్చి మడత విప్పి చూచుకొనవచ్చును.